దాళ్వా ధాన్యం కళ్ళంలో ఉంది, వాన సంగతి దేంట్లో చూడాలి?

భీమవరం_బుల్లోడు:
మాది భీమవరం పక్కన పల్లెటూరు. దాళ్వా కోతయింది, ధాన్యం ఆరబోశాం. మొన్న ఫోన్‌లో 80 శాతం వాన అని ఉంటే కూలీలను పెట్టి మరీ రాశి చేసి పట్టాలు కప్పించాను, చినుకు లేదు. నిన్న ఎండ బొమ్మ చూపించింది, సాయంత్రం నాలుగున్నరకి ఈదురుగాలితో కొట్టేసింది, సగం తడిసింది. తుపాను అయితే మూడు రోజుల ముందే ఎక్కడ తీరం దాటుతుందో చెప్పేస్తున్నారు, ఈ గంట వాన చెప్పలేరా?

రాడార్_పిచ్చోడు:
తుపాను వందల కిలోమీటర్ల వెడల్పుంటుంది, రోజుల తరబడి సముద్రం మీద తిరుగుతుంది, అందుకే ఉపగ్రహానికీ, వాతావరణాన్ని కంప్యూటర్‌లో లెక్కకట్టే మోడల్‌కీ దొరుకుతుంది. మీ మీద కొట్టిన క్యుములోనింబస్ (ఉరుముల మబ్బు) అడ్డంగా ఏ పది కిలోమీటర్లో, గంటలో పుట్టి గంటలో పోతుంది. మోడల్ నేలను గళ్ళుగా కోసి లెక్క కడుతుంది. అమెరికా వాళ్ళ జీఎఫ్ఎస్ మోడల్ గడి సుమారు 13 కి.మీ., మన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ (2025 మేలో వచ్చింది) గడి 6. ఈ రోజు ఉరుముల వానకి అనువుగా ఉందా అన్నంతవరకు చెప్తాయి, మీ కళ్ళం మీదే పడుతుందా అంటే చెప్పలేవు. ఫోన్‌లో ఎండ బొమ్మ కూడా చాలావరకు అక్కడి నుంచి వచ్చేదే.

పొద్దున ఐఎండీ (భారత వాతావరణ శాఖ) జిల్లా హెచ్చరిక చూడండి. పసుపో నారింజో ఉంటే మధ్యాహ్నం నుంచి మచిలీపట్నం డాప్లర్ రాడార్ బొమ్మలు పట్టుకోండి, మీరు దానికి దగ్గరలోనే ఉన్నారు. ఒక్క బొమ్మ చూసి లాభం లేదు, వరసగా నాలుగైదు చూస్తే వాన మబ్బు మచ్చ ఎటు నడుస్తోందో తెలుస్తుంది. 60 కి.మీ. దూరంలో ఉండి గంటకి 30 చొప్పున మీ వైపే వస్తుంటే మీకు రెండు గంటల టైముంది. మచ్చ 50 డీబీజెడ్ (రాడార్‌లో వాన తీవ్రతకి కొలత) దాటితే వడగళ్ళకీ సిద్ధంగా ఉండాలి.

కోనసీమ_మాస్టారు:
బాగా చెప్పారు గానీ, మచ్చ నడిచే వస్తుందని లేదండీ. పక్క ఊళ్ళో కురిసిన వానలోంచి కిందికి దిగిన చల్లగాలి ముందుకు తోసుకొచ్చి, మన నెత్తి మీదే కొత్త మబ్బుని లేపుతుంది. ఉక్కపోతలో ఒక్కసారిగా చల్లగాలి తగిలిందంటే ఇక రాడార్ చూస్తూ కూర్చోకండి. పిడుగులకి దామిని యాప్ పెట్టుకోండి, పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ళది, 40 కి.మీ. లోపు పిడుగులు పడుతుంటే చూపిస్తుంది. సిగ్నల్ లేకపోతే మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగించండి, అదే కిలోమీటర్లలో దూరం. 30 సెకన్ల లోపైతే పట్టా వదిలేసి ఇంట్లోకి పొండి, ధాన్యం తడిస్తే తడిసింది.

భీమవరం_బుల్లోడు:
థాంక్సండీ ఇద్దరికీ. ఇప్పుడే రాడార్ తెరిచాను, వాయవ్యంలో ఎర్ర మచ్చ ఉంది. నాన్నకి చూపిస్తే, తలెత్తి చూస్తే కనబడట్లేదా అన్నారు. పట్టాలు లాగుతున్నాం.