జీతం 32 వేలు, వయసు 24: ఎక్కడ బిగించాలి, ఎక్కడ వదలాలి?

కొత్త_కొలువు_నెల్లూరు:
కృష్ణపట్నం వైపు లాజిస్టిక్స్ పని. పీఎఫ్ పోను చేతికి 32 వేలు. వేదాయపాలెంలో ముగ్గురం ఒక రూములో ఉంటాం, నా వాటా 3,500. ఇంటికి 6 వేలు పంపాలి. అప్పుల్లేవు. 45 ఏళ్లకల్లా జీతం కోసం ఎదురుచూడకుండా బతకాలని ఉంది. పదేళ్లు కడుపు కట్టుకుంటే తర్వాత డబ్బే డబ్బును పెంచుద్ది అంటున్నారు, నిజమేనా? కాలనీలో లక్ష రూపాయల చీటీ ఉంది, 20 నెలలు, నెలకు 5 వేలు. బైకు లోను 9 శాతమేనంట. బంగారం స్కీములో కూడా చేరమంటున్నారు. ఏది ముందు?

ఒంగోలు_లెక్కలు:
ముందు బైకు సంగతి తేలుద్దాం. ఆ 9 శాతం ఫ్లాటా, తగ్గే బాకీ మీదా అని అడుగు. ఫ్లాట్ అయితే లక్షకు మూడేళ్ల వడ్డీ 27 వేలు, కిస్తీ 3,528. నెలనెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం లక్ష మీదే పడుతుంది కాబట్టి నిజంగా పడే రేటు 16 శాతం దాటుతుంది. షోరూములో ఈ ముక్క ఎవరూ చెప్పరు. కంపెనీ బస్సు ఉంటే బైకు రెండేళ్లు ఆపు, లేదంటే సెకండ్‌హ్యాండ్ బండి రొక్కానికి కొను.

ఇక చీటీ. నువ్వు చెప్పిన చీటీకే లెక్క కడతా. కమీషన్ 5 శాతం అనుకో. మూడో నెలలో ఒకతను 25 వేలు తోసి పాడాడు, చేతికి 75 వేలు. కమీషన్ 5 వేలు పోగా మిగిలిన 20 వేలు ఇరవై మందికి పంచితే తలా వెయ్యి, ఆ నెల కట్టేది 4 వేలు. పాడినతను అప్పటికి మూడు నెలలకు సుమారు 11,700 కట్టి ఉంటాడు. అంటే అతనికి నిజంగా అందిన అప్పు 63,300. మిగతా 17 నెలలు సగటున 4,500 చొప్పున కడితే 76,500. నూటికి నెలకు రెండు రూపాయల పైచిలుకు వడ్డీ పడినట్టు.

చివరిదాకా ఆగినవాడు మొత్తం 88,200 కట్టి 95 వేలు తీసుకుంటాడు. ఏడాదికి తొమ్మిది, తొమ్మిదిన్నర శాతం. అంటే రూపాయి వడ్డీ కూడా గిట్టదు, పైగా చీటీ నడిపేవాడు మునిగితే మొత్తం పోతుంది. పొదుపు కోసం చీటీ వేసేవాడు ఎప్పుడూ చివరి పాటగాడే కాబట్టి ఆ ముప్పంతా అతని నెత్తినే.

చేరే తీరాలనుకుంటే రిజిస్టర్డ్ చీటీ చూసుకో. చిట్స్ రిజిస్ట్రార్ ఇచ్చిన ముందస్తు అనుమతి నంబరు అడుగు, ఒప్పందం కాపీ తీసుకో, పాట జరిగిన ప్రతిసారీ మినిట్స్ (పాట వివరాలు రాసే రికార్డు) చూడు. చిట్‌ఫండ్ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత కమీషన్ 7 శాతం దాకా తీసుకోవచ్చు, దాన్ని కూడా లెక్కలో కలుపుకో. ఖాళీ చెక్కుల మీద సంతకం పెట్టి ఇవ్వొద్దు.

పెన్నా_గట్టు:
పదేళ్ల మాట సగమే నిజం. నెలకు 8 వేలు ఇండెక్స్ ఫండులో (సూచీలో ఉన్న కంపెనీల షేర్లన్నిటిలో కలిపి పెట్టే మ్యూచువల్ ఫండు) పదేళ్లు వేసి ఆపేశావనుకుందాం. ఏడాదికి 11 శాతం పెరిగితే (గ్యారంటీ లేదు, మధ్యలో 30 శాతం పడిపోయే ఏళ్లూ ఉంటాయి) అది 17.36 లక్షలు. ఇంకో ఇరవై ఏళ్లు ముట్టకపోతే 1 కోటి 55 లక్షలు. అదే 8 వేలు 34వ ఏట మొదలుపెట్టి ఇరవై ఏళ్లు కట్టినవాడికి 69 లక్షలే. జనం ఇక్కడికే మురిసిపోతారు. ధరలు 6 శాతం చొప్పున పెరిగితే ముప్పై ఏళ్ల తర్వాతి 1.55 కోట్లు ఈనాటి 27 లక్షలతో సమానం. దాంతో జీతం మానేస్తామా?

నీ లక్ష్యానికి తిరగేసి లెక్కేద్దాం. ఈనాటి ధరల్లో నెలకు 25 వేల ఖర్చంటే ఏడాదికి 3 లక్షలు. దానికి 30 రెట్లు పోగేస్తే జీతం లేకుండా గడుస్తుందనుకుందాం, అది 90 లక్షలు. 25 రెట్లు చాలనేది అమెరికా లెక్క, మన ధరల పెరుగుదలకు చాలదు. 21 ఏళ్ల తర్వాత ఆ 90 లక్షలు 3 కోట్ల పైమాటే. ఈ నెల 15 వేలతో మొదలుపెట్టి ఏటా 10 శాతం పెంచుకుంటూ పోతే, అదే 11 శాతం మీద, అక్కడికి చేరతావు. పీఎఫ్ దీనికి అదనం. పెళ్లయి పిల్లలుంటే 25 వేలు చాలవు కాబట్టి 45 కాదు, 50 పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

ఫండు కొనేటప్పుడు డైరెక్ట్ ప్లాన్ అని ఉందో లేదో చూడు. రెగ్యులర్‌లో ఏజెంటు కమీషన్ ఏటా నీ సొమ్ములోంచే పోతుంది. కంపెనీ మారితే పీఎఫ్ తీసేయకుండా కొత్త ఖాతాకు ట్రాన్స్‌ఫర్ పెట్టు. ఐదేళ్ల సర్వీసు నిండకముందే తీస్తే పన్ను పడుతుంది, ఎక్కువమంది చేజార్చుకునేది ఈ డబ్బే.

కందుకూరు_వదిన:
అన్నలిద్దరూ ఫండ్ల దాకా వెళ్లిపోయారు, వంటింటి సంగతి ఎవరూ చెప్పలా. 32లో ఇంటికి పంపేది, రూము వాటా పోను 22,500. అందులో 15 తీస్తే తిండికీ బస్సుకీ 7,500. హోటల్ తిండితో అది జరిగే పని కాదు. ముగ్గురూ కలిసి వండుకోండి. 26 కిలోల బియ్యం మూట రెండు పూటలా తింటే ముగ్గురికి మూడు వారాలు వస్తుంది. (26 ఎందుకంటే, 25 కిలోల దాకా ప్యాకింగ్ బియ్యానికి 2022 జులై నుంచి 5 శాతం జీఎస్టీ. మిల్లులోళ్లు కిలో పెంచి తప్పించుకున్నారు.) కిలోకు కాస్త ఎక్కువైనా పాత బియ్యమే కొనండి, అన్నం ఒదుగుతుంది. కందిపప్పు, గుడ్ల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు, అక్కడ మిగిలింది ఆస్పత్రికి పోతుంది.

బంగారం స్కీములో 11 నెలలు కట్టాక నగే తీసుకోవాలి, డబ్బు ఇవ్వరు. తరుగు, మజూరీ, దానిపైన 3 శాతం జీఎస్టీ. అమ్మబోతే అవేవీ తిరిగి రావు. కొట్టులో కట్టిన సొమ్ముకు బ్యాంకు డిపాజిట్‌కున్న 5 లక్షల బీమా కూడా వర్తించదు. పెళ్లికి నగ అవసరమైతే సరే, పొదుపు కింద మాత్రం వద్దు.

15 వేల సిప్ (నెలనెలా ఫండులో వేసేది) మొదటి నెల నుంచే వద్దు. మొదటి ఆరేడు నెలలు ఆ డబ్బు ఎఫ్‌డీలో వేసి లక్ష చేసుకో. ఇంట్లో ఒకరు మంచాన పడితే రెండు రూపాయల వడ్డీకి పరుగెత్తకుండా ఆపేది అదే. కంపెనీ హెల్త్ పాలసీ ఉద్యోగం మానగానే పోతుంది, సొంతది ఇప్పుడే తీసుకో. బీపీ, షుగర్ లాంటివి వచ్చాక తీసుకుంటే వాటికి మూడేళ్ల దాకా వెయిటింగ్ పెడతారు.

కొత్త_కొలువు_నెల్లూరు:
థాంక్సన్నా, థాంక్స్ వదినా. బైకు, స్కీము వద్దనుకున్నా. పీపీఎఫ్ (ప్రభుత్వ 15 ఏళ్ల పొదుపు ఖాతా) గురించి ఎవరూ చెప్పలేదే?

ఒంగోలు_లెక్కలు:
పీఎఫ్ కోత ఉంది కదా, నీకు ఇప్పుడే అంత తొందర లేదు. ఖాతా మాత్రం 500తో తెరిచి ఉంచు తమ్ముడూ, 15 ఏళ్ల గడియారం ఇప్పటినుంచే తిరుగుతుంది. ఏటా కనీసం 500 వేయకపోతే ఖాతా ఆగిపోతుంది. వేసేది నెల 5వ తేదీలోపే వెయ్యి. 5 నుంచి నెలాఖరు దాకా ఉన్న కనీస నిల్వ మీదే వడ్డీ కడతారు, 6న వేస్తే ఆ డబ్బుకు ఆ నెల వడ్డీ రాదు.