కుడిచేతికి కట్టు, పొయ్యి వెలిగించకుండా ఓట్స్ ఎలా?

మెట్ల మీద జారి కుడి మణికట్టు విరిగిందండి. ఇంకో 4 వారాలు కట్టు ఉంటుంది. పొద్దున్నే మాత్రలు వేసుకునేలోపు కడుపులో ఏదో ఒకటి పడాలి, ఆ టైమ్‌కి ఇంట్లో ఎవరూ ఉండరు. ఎడమచేత్తో వేడి గిన్నె దించాలంటే భయం. అందుకే రాత్రే ఓట్స్ నానబెట్టి ఫ్రిజ్‌లో పెడుతున్నాను.

మొదటిరోజు అరకప్పు ఓట్స్‌కి అరకప్పు పాలు పోశాను. పొద్దున చూస్తే చెంచా నిలబడేంత గట్టిగా అయిపోయింది. మర్నాడు పాలు కప్పు చేసి, ఒక చెంచా చియా గింజలు వేశాను. ఈసారి పైన పల్చగా, అడుగున జిగురుగా గింజలన్నీ ఒకే ముద్ద! ఒంటిచేత్తో సరిగా కలపలేకపోవడం వల్లేనా? పాలు సగం తగ్గించి పెరుగు వేస్తే కుదురుతుందా?

నేను వాడేది అటుకుల్లా పల్చగా ఉండే రకం. ముక్కలుగా కోసిన గట్టి ఓట్స్ కూడా ఒక ప్యాకెట్ ఉంది. ఒక్క రాత్రికి అవి నమలగలిగేంత నానుతాయా, లేక పళ్ళకి పనేనా?

ఇంకొకటి, నవ్వకండి. సీసా మూత తిప్పడానికి దాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుంటున్నాను. నిన్న సగం పాలు ఒళ్ళోనే పోయాయి. ఒంటిచేత్తో తేలిగ్గా తెరుచుకునే డబ్బా ఎలాంటిది తీసుకోవాలి? రెండు మూడు రోజులకి సరిపడా ఒకేసారి కలిపి పెట్టుకునేవాళ్ళు ఉంటే, అరటిపండు ముక్కలు ఎప్పుడు వేస్తారో కూడా చెప్పండి. రాత్రే వేస్తే నల్లబడుతున్నాయి.