సాదాబైనామా, బయానా, కబ్జా: కాగితంలో ఏ మాటకు ఏ హక్కు?

నిన్న గుంపులో ఒకరు అడిగారు: "సాదాబైనామా అంటే బయానా ఇచ్చినట్టు రాసుకున్న కాగితమేనా?" కింద చాలామంది అవునన్నారు. కాదండీ. రెండు మాటలూ ఒకే మూలం నుంచి వచ్చాయి గానీ అర్థాలు వేరు. భూమి దగ్గర ఈ తేడా తెలియకపోతే కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అరబ్బీలో 'బై' అంటే అమ్మకం. దానికి పారసీ 'నామా' చేరి బైనామా అయింది, అంటే అమ్మకపు పత్రం. రాజీనామా, హుకుంనామా, పంచనామా మాటల్లో ఉన్నదీ ఈ నామానే. (వీలునామాలో ముందు సగం ఇంగ్లీషు 'విల్లు'.) బయానా కూడా ఆ 'బై' నుంచే వచ్చింది. బేరం కుదిరిందని గుర్తుగా ముందు ఇచ్చే సొమ్ము అది. మన పాత తెలుగులో సంచకారం అనేవారు. అంటే బయానా దగ్గర అమ్మకం ఇంకా జరగలేదు. బైనామా దగ్గర అమ్మకం అయిపోయిందని రాసుకుంటున్నారు.

ఇక 'సాదా' అంటే మామూలుది, రిజిస్ట్రేషన్ కానిది. తెలంగాణ పల్లెల్లో ఇలాంటివి ఎన్నో చూస్తాం. తెల్లకాగితం మీదో స్టాంపు పేపరు మీదో దాదాపు ఇలా ఉంటుంది: "సదరు భూమిని మీకు అమ్మి, పైకం మొత్తం నగదుగా ముట్టించుకొని, నేటి దినమే కబ్జా ఇచ్చితిని. ఇకమీదట ఇట్టి భూమితో నాకు గానీ నా వారసులకు గానీ ఎలాంటి సంబంధం లేదు. ఇది నా రాజీఖుషీతో రాసి ఇచ్చిన సాదాబైనామా." కింద నాలుగు దిక్కుల హద్దులు, అమ్మినవాళ్ల సహీ (సంతకం) లేదా నిశానీ (వేలిముద్ర), సాక్షుల పేర్లు, రాసినాయన దస్తూరీ (చేతిరాత).

ఇందులో 'కబ్జా' దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఇవాళ పేపర్లో కబ్జా అని చూడగానే చెరువు ఆక్రమణో, ఖాళీ ప్లాటులో రాత్రికి రాత్రి వేసిన షెడ్డో గుర్తొస్తుంది. పాత కాగితాల్లో ఈ మాటకు ఆ మచ్చ లేదు. చేతిలో పట్టుకోవడం, స్వాధీనం, అంతే. "కబ్జా ఇచ్చితిని" అంటే భూమి మీ చేతికి అప్పజెప్పాను, దున్నుకోండి అని. తాత కాగితంలో ఈ మాట చూసి, ఆయనేదో తప్పు చేశాడనుకుని దాచిపెట్టిన కుటుంబాలు కూడా ఉన్నాయి. దాచకండి, అది మీకు పనికొచ్చే మాట.

అయితే డబ్బు ముట్టింది, కబ్జా వచ్చింది, అమ్మకం అని రాసుకున్నారు కూడా. మరి భూమి మనదేనా? చట్టం ప్రకారం ఇంకా కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను ప్రకారం వంద రూపాయలు, ఆపైన విలువ ఉన్న స్థిరాస్తిని అమ్మాలంటే రిజిస్టరు దస్తావేజు ఉండాలి. అమ్ముతానని చేసుకున్న ఒప్పందం మాత్రమే ఉంటే, దానివల్ల ఆస్తిలో ఏ హక్కూ పుట్టదని అదే సెక్షను చెబుతుంది. 53ఎ సెక్షను కొంత అండ ఇస్తుంది: ఒప్పందం ప్రకారం స్వాధీనం తీసుకుని, తన వంతు నెరవేర్చిన కొనుగోలుదారుణ్ణి అమ్మినవాడు వెళ్లగొట్టలేడు. 2001లో వచ్చిన సవరణతో ఆ అండ రిజిస్టరైన ఒప్పందాలకే పరిమితమైంది. జీపీఏ (తన తరఫున వ్యవహరించమని ఇచ్చే అధికారపత్రం), సేల్ అగ్రిమెంట్, వీలునామా మూడూ కలిపి రాయించుకున్నా యాజమాన్యం రాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. స్టాంపు పేపరు మీద రాసుకుంటే రిజిస్ట్రేషన్ అయినట్టే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. స్టాంపు పేపరు ప్రభుత్వానికి కట్టే సుంకానికి గుర్తు మాత్రమే.

సాదాబైనామాలు రాసుకున్నవాళ్లను తప్పుపట్టడం నాకు నచ్చదు. ఎకరమో అరెకరమో కొనుక్కున్న రైతుకు రిజిస్ట్రేషన్ ఖర్చు భారం. పైగా ఊళ్లో పెద్దమనుషుల ముందు చెప్పిన మాటకు విలువ ఉండేది. భూమి ధరలు పెరిగాక, అమ్మినాయన పోయాక, ఆయన పిల్లలు వచ్చి "మా నాన్న పేరే పట్టాలో ఉంది కదా" అన్నప్పుడు గొడవ మొదలవుతుంది. అందుకే 1971 నాటి పాత ఆర్‌ఓఆర్ (భూమి హక్కుల రికార్డుల) చట్టంలో 5ఎ సెక్షను కింద వీటిని క్రమబద్ధం చేసి, అందుకు రుజువుగా 13-బి సర్టిఫికెట్ ఇచ్చేవారు. దాని స్థానంలో తెలంగాణ తెచ్చిన 2020 చట్టంలో ఆ దారి మూసుకుపోయింది. 2020 అక్టోబరు 12 నుంచి నవంబరు 10 దాకా దరఖాస్తు పెట్టుకున్నవారి కోసం 2025లో, ఆ 2020 చట్టం బదులు వచ్చిన భూభారతి చట్టం మళ్లీ దారి తెరిచింది. మీ ఇంట్లో అలాంటి దరఖాస్తు రసీదు ఉంటే వెతికి పెట్టుకోండి.

పట్టా గురించి కూడా అడిగారు. రెవెన్యూ రికార్డులో శిస్తు ఎవరి పేరున ఉందో చెప్పేది పట్టా. పట్టాదారు పేరు ఉండటం గట్టి ఆధారమే గానీ, రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన యాజమాన్యం పుట్టదని కోర్టులు పదే పదే చెప్పాయి. పాత పహాణీలో (ఊరి భూముల వివరాలు ఏటా రాసే రెవెన్యూ రికార్డులో) పట్టాదారుకు ఒక కాలమ్, సాగులో ఉన్న అనుభవదారుకు వేరే కాలమ్ ఉండేవి. తర్వాత వచ్చిన ధరణి ఆన్‌లైన్ భూరికార్డుల్లో ఆ రెండో కాలమ్ తీసేశారు. సాదాబైనామా రైతులకు పెద్ద దెబ్బ తగిలింది అక్కడే, ఎందుకంటే వాళ్ల పేరు కనిపించే చోటు అదొక్కటే. పాత పహాణీ నకళ్లు తీసి పెట్టుకోమని నేను అందరికీ చెప్పేది అందుకే.

గుంపులో విరాసత్, ఫౌతీ మాటలూ వచ్చాయి కాబట్టి ఒక ముక్క. ఫౌతీ అంటే చావు, విరాసత్ అంటే వారసత్వం. పట్టాదారు పోయాక వారసుల పేర్లు ఎక్కించడాన్ని ఈ రెండు మాటలతోనూ అంటారు. కౌలు కూడా అరబ్బీ 'కౌల్' నుంచి వచ్చిందే, అక్కడ దాని అర్థం మాట, వాగ్దానం.

కోస్తా, రాయలసీమ వైపు రిజిస్ట్రేషన్ కాని ఇలాంటి అమ్మకపు కాగితాన్ని ఏమంటారో తెలిసినవారు చెప్పండి. "స్వాధీన అగ్రిమెంట్" అని విన్నాను, పాత కాగితాల్లో ఇంకేమైనా మాట కనిపిస్తే ఆ వాక్యం ఉన్నదున్నట్టు ఇక్కడ రాయండి. పేర్లు, సర్వే నంబర్లు మాత్రం పెట్టకండి.