ఉగాది, అపో వాంగ్-ఓడ్ కార్నర్: హాలు వాళ్ళు వద్దంటున్నారు, రేపు సాయంత్రంలోపు తేల్చాలి

కార్యదర్శి, బుధవారం రాత్రి 9:10
అందరూ ఒకసారి చూడండి. ఇక్కడ ఫిలిప్పీన్స్‌లో ముల్లుతో, చేత్తో పచ్చబొట్లు పొడిచే వందేళ్ళు దాటిన అపో వాంగ్-ఓడ్ మీద గౌరవంతో ఉగాదికి కార్నర్ పెట్టి, వచ్చినవాళ్ళకి అక్కడే పచ్చబొట్టు పొడుద్దామనుకున్నాం కదా. హాలు మేనేజరు మెయిల్ పెట్టారు. లోపల ఎవరి ఒంటినీ సూదితో గానీ ముల్లుతో గానీ గుచ్చకూడదట, సిరా కోసం దీపం పెట్టి మసి పట్టడం కూడా కుదరదట. చర్మం గుచ్చే పనికి వాళ్ళ ఇన్సూరెన్స్ వర్తించదు. బ్యానర్, పచ్చడి, బస్సు, పిల్లల పాటలు ఎవరివి వాళ్ళు కానివ్వండి. లైవ్ పచ్చబొట్టు సంగతే తేలాలి. రేపు 5 గంటల్లోపు జవాబివ్వాలి, ప్రోగ్రాం ఆదివారం.

స్టేజీ, 9:24
ఆ కార్నర్ కోసం 60 మంది పేర్లిచ్చారు. ఇప్పుడు లేదంటే ఏం చెప్తాం? పార్కింగులో టెంటు వేసి పెడదాం. ఆవిడ ఊరు బుస్కలాన్ నుంచి పచ్చబొట్టు వేసేవాళ్ళని ఎవరినైనా పిలిపించినా మంచిదే.

ఎగ్జిబిషన్, 9:41
అన్నా, పిలిపించే మాట వదిలేయండి. బుస్కలాన్ ఉన్నది ఉత్తర లూజాన్‌లో, కలింగా ప్రావిన్స్ టింగ్లాయన్ కొండల్లో. రోడ్డు దిగాక ఊరికి నడిచే పోవాలి. దక్షిణాన ఉన్న మన దవావో నుంచి మూడు రోజుల్లో అయ్యే పని కాదు. అయ్యేదైనా చేయకూడదు. 2017లో వాంగ్-ఓడ్ గారిని మనీలా ఫేమ్ ప్రదర్శనకు తీసుకొచ్చి వందల మందికి పొడిపించారు. అప్పటికి ఆవిడకి వందేళ్ళు. కూర్చున్నచోటే కునికిపాట్లు పడుతున్న ఫోటో దేశమంతా తిరిగింది, జనం మండిపడ్డారు. 2021లో ఆవిడ పేరుతో ఒక ఆన్‌లైన్ కోర్సు పెడితే ఆదివాసీల జాతీయ కమిషన్ విచారణ దాకా వెళ్ళింది. ఆవిడ మీద గౌరవంతో పెట్టిన కార్నర్‌లో మనమూ అదే పని చేస్తామా?

మెడికోలు, 9:52
టెంటులోనూ వద్దు. ముల్లు దిగేది చర్మం రెండో పొరలోకి, ఒకటి రెండు మిల్లీమీటర్లు. అక్కడ రక్తనాళాలుంటాయి. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతుకుతుంది. ముల్లు మార్చినా సిరా చిప్ప ఒకటే అయితే ముల్లు మార్చి లాభం లేదు. మాలో ఎవరికీ చేయి తిరగలేదు. మేం సంతకం పెట్టం.

స్టేజీ, 10:03
అందరూ వద్దు వద్దనేవాళ్ళే. వెదురు చీరి, ముళ్ళు ఏరి, కర్రలు తయారు చేసింది నేనొక్కణ్ణే. రెండు వారాల కిందట ఒక్కరైనా చెప్పొచ్చు కదా. కార్నర్ ఎత్తేయండి, ఫోటోలు అతికించి చేతులు దులుపుకుందాం.

ట్రెజరర్, 10:08
హాలు అడ్వాన్సు 8,000 పెసోలు తిరిగి రాదు. ఇంకో హాలుకి డబ్బు లేదు. ఇది మాత్రం ఖాయం.

వంటలు, 10:30
తమ్ముడూ, కోపం తగ్గాక చదువు. పళ్ళెంలోకని 30 పొమెలోలు (పంపర పనసకాయలు) తెప్పించాం. దాని తొక్క మందం, ముల్లు ఎంత దిగినా తొనదాకా పోదు. ఒంటికి బదులు పొమెలో మీద పొడిస్తే? నీ కర్రలు నీ కర్రలే, నీ ముళ్ళు నీ ముళ్ళే.

ఎగ్జిబిషన్, 10:37
అక్కా, బంగారం లాంటి మాట! బుస్కలాన్‌లో వాడే ముల్లూ పొమెలో, కలమన్సీ అనే చిన్న నిమ్మ చెట్లదే. దవావోలో పొమెలోకి కరువేముంది? మేనేజరు అడ్డు చెప్పడానికీ ఏమీ ఉండదు.

మెడికోలు, 10:44
దీనికైతే మేం సరే. కానీ ముల్లు పిల్లల చేతికివ్వొద్దు. బల్లకి ఇద్దరం నిలబడతాం. వాడిన ముళ్ళు మూత బిగిసే గట్టి ప్లాస్టిక్ డబ్బాలోకి, చెత్తబుట్టలోకి కాదు.

స్టేజీ, 11:15
సరే. కర్రలు 8 ఉన్నాయి, ఒక్కోటి అడుగు పొడవు. ముళ్ళు 70 దాకా ఉన్నాయి. కర్ర కొసన రంధ్రం చేసి ముల్లుని అడ్డంగా, మొన కిందికి వచ్చేలా దూర్చాలి. వదులైతే దారం చుట్టండి, జిగురు వద్దు, ముల్లు మార్చడం కుదరదు. రెండో కర్రతో ముల్లు పక్కనే కొట్టాలి. దూరంగా కొడితే కర్ర ఎగిరి చుక్కలు గీత తప్పుతాయి.

వంటలు, గురువారం ఉదయం 7:20
రాత్రే ఒక కాయ మీద చూశాను. తొక్కలోంచి నూనె చిమ్మి సిరా పాకిపోయింది. స్పిరిట్‌తో తుడిచి, రెండు నిమిషాలు ఆరనిచ్చి పొడిస్తే నిలిచింది. ముల్లుని సిరాలో ముంచాక చిప్ప అంచుకి ఒకసారి ఆన్చాలి, లేకపోతే మొదటి చుక్కే మరకవుతుంది. కాయ దొర్లకుండా కింద తడిగుడ్డ చుట్ట పెట్టండి. పొడిచిన కాయ తినడానికి వద్దు. 15 పక్కన పెడుతున్నా, కాయకి నలుగురు.

ఎగ్జిబిషన్, 8:05
సిరాకి మసి ఈ రాత్రి మా పెరట్లోనే పడతాను, హాల్లో మంట ఉండదు. బుస్కలాన్‌లో మసిని నీళ్ళతో కలుపుతారు. రెండో చిప్పలో మన ఎరుకల వాళ్ళ సిరా పెడదాం: అవిసె ఆకు, పసుపు నూరి గుడ్డకి పట్టించి, ఆరాక ఒత్తి చేసి, ఆముదపు ప్రమిదలో వెలిగించి, పైన కొత్త కుండ బోర్లించాలి. అవిసె ఇక్కడ కటురాయ్ పేరుతో సంతలో దొరుకుతుంది. కుండలో పట్టిన మసిని తల్లిపాలతోనో నీళ్ళతోనో కలిపేవాళ్ళు. ఆముదం మసి జిడ్డు, వట్టి నీళ్ళలో తేలిగ్గా కలవదు. మనం ఆవుపాల చుక్కలతో మెత్తగా నూరదాం. కుండకి కింద రెండు వేళ్ళ సందు వదలాలి, గాలి ఆడకపోతే దీపం ఆరిపోతుంది.

కార్యదర్శి, 11:40
మేనేజరు ఒప్పుకున్నారు! బల్ల మీద ప్లాస్టిక్ షీటు వేయాలి, అంతే. ఇక బ్యానర్ మీద ఆవిడ మూడు చుక్కలు పెద్దగా వేయిద్దామా?

ఎగ్జిబిషన్, 11:58
వద్దండి. ఆ మూడు చుక్కలు ఆవిడ సంతకం. పెద్ద బొమ్మలు మనవరాళ్ళకి అప్పగించాక, వచ్చినవాళ్ళకి ఆవిడ చేత్తో పడే గుర్తు అదే. కొండెక్కి వెళ్ళినవాళ్ళకే దక్కాలి. జెర్రి, కొండచిలువ పొలుసులు, ఫెర్న్ ఆకు కూడా పొమెలో మీద వద్దు, అవి ఆ ఊళ్ళవి. ప్యానెల్‌లో చూపించి వివరిద్దాం. కాయల మీద మన పచ్చబొట్లు వేయిద్దాం: తేలు, చుక్కల ముగ్గు.

స్టేజీ, 12:10
తేలు కష్టం, కొండి దగ్గర వంపు తిరగదు. ఐదు చుక్కల ముగ్గు చాలు. ముందు గడ్డిపరకని సిరాలో ముంచి గీత అద్దితే దాని మీదే కొట్టుకుపోవచ్చు, బుస్కలాన్‌లోనూ అంతే. ప్యానెల్‌లో ఏం రాస్తున్నారు చెల్లీ?

ఎగ్జిబిషన్, 12:46
ఇదీ:
"వాంగ్-ఓడ్ 1917లో పుట్టారు. పదిహేను, పదహారేళ్ళ వయసులో తండ్రి దగ్గర ఈ విద్య పట్టారు. అప్పట్లో పోరులో గెలిచి వచ్చిన మగవాళ్ళకి ఛాతీ మీద, ఆడవాళ్ళకి అందం కోసం చేతుల మీద పొడిచేవారు. అమెరికన్ల పాలనలో తలలు నరికే ఆచారం ఆగింది, మగవాళ్ళ పచ్చబొట్టు తగ్గిపోయింది. ఆవిడ ఆడవాళ్ళకి పొడవడం ఆపలేదు. రక్తసంబంధం లేనివాళ్ళకి నేర్పితే పుండు పడుతుందని వాళ్ళ నమ్మకం. ఆవిడకి పిల్లల్లేరు, అందుకే తోబుట్టువుల మనవరాళ్ళు గ్రేస్ పాలికాస్, ఎల్యాంగ్ విగన్‌లకి నేర్పారు. 2018లో జాతీయ సంస్కృతి, కళల కమిషన్ దంగల్ నంగ్ హరాయా పురస్కారం ఇచ్చింది. 2023 ఏప్రిల్‌లో, 106 ఏళ్ళప్పుడు, వోగ్ ఫిలిప్పీన్స్ ఫ్యాషన్ పత్రిక ముఖచిత్రమయ్యారు."
కలింగాకీ మన కళింగకీ సంబంధం లేదని కింద ఒక ముక్క రాస్తా, అందరూ అదే అడుగుతారు.

వంటలు, 12:55
బాగుంది. "ఆ విద్య ఆవిడ పట్టుకోకపోతే పోయేది" అని కూడా రాయమ్మా, అది చదివి వెళ్ళాలి జనం.

ఎగ్జిబిషన్, 1:02
రాస్తానక్కా.

ట్రెజరర్, శుక్రవారం ఉదయం 10:15
పాత జాబితాలో పిల్లల పాటలకి మైకు ఎవరిదో తేలలేదు, బ్యానర్ ఇంకా ప్రింటుకి పోలేదు.

కార్యదర్శి, 10:20
బ్యానర్ వద్దులెండి, ప్యానెలే గుమ్మంలో పెడదాం. మైకు పొమెలో బల్ల దగ్గరే ఉండనీ, పిల్లలు అక్కడే పాడతారు.

స్టేజీ, 10:26
అయితే బల్ల గోడవారగా వద్దు, నడిమధ్యకి జరుపుతున్నా. నాలుగు వైపులా జనం నిలబడాలి. ఎనిమిది గంటలకల్లా ఇద్దరు రండి, పొమెలో పెట్టెలు బరువు.