ఉపవాసం 27 రోజులకే ఆగిపోయింది, దేవుని ముందు నా లెక్క ఏమవుతుంది?

హన్మకొండ టీచర్:

అందరికీ వందనాలు. నేను హన్మకొండలో ఒక ప్రైవేటు బడిలో పని చేస్తాను. మా తాతల కాలం నుంచి బాప్టిస్టు సంఘమే మాది. ఒక విషయం చాలా రోజులుగా మనసులో నలుగుతోంది, మా చర్చిలో అడగాలంటే భయం, అందుకే ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ఈ ఏడాది శ్రమల దినాల్లో (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస కాలం) నలభై రోజులు ఉపవాసం ఉంటానని తీర్మానం చేసుకున్నాను. పొద్దంతా ఏమీ తినకుండా బడికి వెళ్లడం, సాయంత్రం ప్రార్థన అయ్యాక ఒక్క పూట తినడం. బాగానే సాగింది. 26వ రోజున అమ్మకు ఛాతీలో నొప్పి వచ్చింది, ఆసుపత్రిలో చేర్చాం. రెండు రాత్రులు బెంచీ మీద కూర్చునే ఉన్నాను. 28వ రోజు పొద్దున కళ్లు తిరిగి అక్కడే పడిపోతే, పక్క బెడ్ దగ్గరున్న ఒక పెద్దమ్మ నా తల ఒళ్లో పెట్టుకుని తన టిఫిన్ డబ్బాలోంచి ఇడ్లీ తినిపించింది. ఆ తర్వాత ఉపవాసం మళ్లీ మొదలుపెట్టలేకపోయాను. అమ్మ ఇంటికి వచ్చింది, కానీ నీరసం ఇంకా పోలేదు.

మొన్న ప్రార్థన కూటంలో ఒకావిడ అందరి ముందూ అన్నారు: "దేవునికి మాటిచ్చి మధ్యలో వదిలేస్తే ఊరుకుంటాడా అమ్మా, మీ అమ్మకు నీరసం ఎందుకు తగ్గట్లేదో ఆలోచించుకో" అని. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు.

నాకు పదో తరగతి నుంచి ఒక నోట్‌బుక్ అలవాటు. గీతలు గీసి గడులు పెట్టుకుంటాను. బైబిలు ఎన్ని అధ్యాయాలు, ప్రార్థన ఎంతసేపు, ఉపవాసం, దశమభాగం (సంపాదనలో పదో వంతు దేవునికి ఇవ్వడం), అన్నిటికీ టిక్కులు. అన్నీ నిండిన రోజు దేవుడు నాతో ఉన్నట్టు ఉంటుంది, ఖాళీ కనబడితే టెన్షన్. ఇప్పుడు ఆ పేజీలో 27 టిక్కులు, 13 ఖాళీలు ఉన్నాయి.

విశ్వాసం ద్వారానే నీతి, అంటే నమ్మకాన్ని బట్టే దేవుడు మనల్ని నీతిమంతులుగా ఒప్పుకుంటాడని, నాకు తెలియదా అంటే తెలుసు. ఎఫెసీ 2:8 సండే స్కూల్లో అప్పజెప్పి ప్రైజ్ కూడా తెచ్చుకున్నాను. అది నోటికి వచ్చింది గానీ లోపలికి దిగలేదు. నమ్మితే చాలు అంటే మరి ఇవన్నీ ఎందుకు చేస్తున్నాం? ఇవి కూడా కావాలంటే ఎంత చేస్తే సరిపోతుంది? ఆ 'ఎంత' అనేది నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. దయచేసి చెప్పండి.

ఎనుమాముల గుమస్తా:

చెల్లె, ముందు అన్నం సరిగ్గా తిను. అమ్మను చూసుకునే మనిషివి నువ్వు.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి (కమీషన్) దుకాణంలో పద్దులు రాస్తాను, పందొమ్మిదేళ్లు అవుతోంది. నీ నోట్‌బుక్ సంగతి చదివితే నా పుస్తకాలే కళ్ల ముందుకు వచ్చాయి. అపొస్తలుడు పౌలు రాసిన రోమా పత్రిక 4వ అధ్యాయం తీసి చూడు, 'ఎంచబడెను', 'ఎంచబడుచున్నది' అని అదే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. గ్రీకులో ఆ మాట లెక్కలు రాసేవాళ్లు వాడే మాట, ఒకరి పేరు మీద జమ కట్టడం అన్నట్టు. పౌలు అక్కడ పద్దు పుస్తకం తెరిచి మాట్లాడుతున్నాడు. "పని చేయువానికి జీతము ఋణమేగాని దానమని యెంచబడదు" అంటాడు. నాట్లకు కైకిలి పోతే సాయంత్రం చేతిలో పెట్టే డబ్బు దానం కాదు కదా, అది వాళ్ల హక్కు, ఇయ్యకపోతే నిలదీస్తారు. నువ్వు నలభై రోజులూ నింపి ఉంటే దేవుని దగ్గర అట్లా నిలబడి నా కైకిలి ఇయ్యి అని అడగగలవా? అడగలేవు. నింపినా అడగలేనిది, నింపలేదని పోతుందా? ఆ వెంటనే 5వ వచనంలో, పని చేయక, భక్తిహీనుని నీతిమంతునిగా తీర్చేవాణ్ణి నమ్మినవాని విశ్వాసమే నీతిగా ఎంచబడుతుందని ఉంది. భక్తిపరుణ్ణి కాదు, చూడు, భక్తిహీనుణ్ణి. నాకు ఆ మాట అర్థమవడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఒక సంగతి చెప్తా. మిర్చి తెచ్చే రైతు ఒకాయనకు మా దుకాణంలో పాత బాకీ ఉండేది, వడ్డీతో పెరిగిపోయింది. పంట వచ్చినప్పుడల్లా కాంటా పెట్టి తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) రాస్తే ఆయనకు చేతికి వచ్చేది ఏమీ ఉండేది కాదు. ఒక సంవత్సరం ఆయన మేనమామ వచ్చి మొత్తం కట్టేశాడు. నేనే నా చేత్తో పద్దు మీద 'చెల్లు' అని రాశాను. అయినా ఆ రైతు మా దుకాణం ముందు నుంచి నడిచేవాడు కాదు, యార్డులో చుట్టూ తిరిగి పోయేవాడు. మేనమామ చెప్పినా నమ్మలేదు. ఒకరోజు నేనే పోయి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పుస్తకం చూపించాను. అప్పుడు కూర్చుని చాయ్ తాగాడు.

ఆయన బాకీ మేనమామ కట్టిన రోజే పోయింది, చాయ్ తాగిన రోజు కాదు. నమ్మడం వల్ల బాకీ తీరలేదు, తీరిందన్నది ఆయనకు అందింది. విశ్వాసాన్ని కూడా ఇంకో టిక్కుగా, నా నమ్మకం ఎంత గట్టిది అని కొలుచుకునేవాళ్లు ఉంటారు, నేనూ అట్లాగే ఉండేవాణ్ణి. అందుకే ఇది చెప్తున్నా.

జనగామ సంఘ పెద్ద:

అమ్మా, ఆవిడ అన్న మాట తప్పు. అందరి ముందు అనడం ఇంకా తప్పు. అది ముందు చెప్పి నా మాట చెప్తాను.

గుమస్తా తమ్ముడు చెప్పిందంతా వాక్యమే, కాదనను. కానీ ముప్పై ఏళ్లుగా సంఘంలో చూస్తున్నవాణ్ణి, ఈ బోధ ఎట్లా వాడుకుంటారో కూడా నాకు తెలుసు. మా దగ్గర ఒకాయన ఆదివారం ముందు వరసలో చేతులెత్తి ఆరాధిస్తాడు, సోమవారం నుంచి తాగి ఇంట్లో ఆడమనిషి మీద చెయ్యి చేసుకుంటాడు. నలుగురం పోయి అడిగితే "క్రియల వల్ల కాదు, కృప వల్లే" అని మాకే వచనం చెప్పాడు. ఆ తల్లి మొహం చూసి నేను తలెత్తలేకపోయాను. యాకోబు 2:24 ఏమంటుంది? మనుష్యుడు విశ్వాసం వల్ల మాత్రమే కాక క్రియల వల్ల నీతిమంతుడని ఎంచబడతాడని లేదా? 'విశ్వాసము', 'మాత్రము' అనే రెండు మాటలు పక్కపక్కన వచ్చేది అక్కడే, అదీ కాదని చెప్పడానికి. దాన్ని ఏం చేద్దాం?

ఎనుమాముల గుమస్తా:

పెద్దయ్యా, అడగాల్సిన ప్రశ్నే. నేను తేదీలు చూసే మనిషిని కాబట్టి తేదీల లెక్కనే చెప్తాను.

అబ్రాహాము యెహోవాను నమ్మెను, అది అతనికి నీతిగా ఎంచబడింది, ఇది ఆదికాండం 15:6. తర్వాతి అధ్యాయంలో ఇష్మాయేలు పుట్టేనాటికి ఆయనకు 86 ఏళ్లు. సున్నతి 17వ అధ్యాయంలో, అప్పటికి 99. అంటే నీతిమంతుడని పద్దులో రాసిన కనీసం పదమూడేళ్ల తర్వాత గానీ సున్నతి జరగలేదు. పౌలు రోమా 4:10లో పట్టుకున్నది సరిగ్గా ఇదే: సున్నతి ఉన్నప్పుడా, లేనప్పుడా? లేనప్పుడే. మరి యాకోబు చూపించేది ఇస్సాకును బలిపీఠం మీద పెట్టిన సంగతి, అది 22వ అధ్యాయం. 100 ఏళ్లకు పుట్టిన కొడుకు కట్టెలు మోసేంత పెద్దవాడయ్యాడు. పౌలు జమ రాసిన రోజు చూపిస్తున్నాడు, యాకోబు ఆ జమ నిజమని ఊరందరికీ తెలిసిన రోజు చూపిస్తున్నాడు. యాకోబు కూడా అక్కడే 2:23లో ఆ 15:6 వచనాన్నే ఎత్తి, అది నెరవేరిందంటాడు.

మీరు చెప్పిన ఆయన సంగతికి వస్తే, యాకోబు 2:19లో దయ్యాలు కూడా నమ్మి వణుకుతాయని ఉంది. ఆయనకు ఆ వణుకు కూడా లేదు. ఆయన దగ్గర ఉన్నది పౌలు చెప్పిన విశ్వాసం కాదు, వచనం ఒక్కటే ఉంది. కృప విస్తరించాలని పాపంలో నిలిచి ఉందామా అని రోమా 6:1లో పౌలే అడిగి, అట్లనరాదు అంటాడు. ఆయనకు చెప్పాల్సింది ఆయనకు గట్టిగా చెప్పండి, అవసరమైతే పోలీసులకు కూడా చెప్పండి, ఆ తల్లికి అండగా ఉండండి. కానీ ఆయనకు వెయ్యాల్సిన మందు ఈ చెల్లెకు వెయ్యొద్దు. ఆమె ఇప్పటికే వణుకుతోంది.

కరీంనగర్ సీఎస్ఐ:

మా కరీంనగర్, మెదక్ వైపు పాత సంఘాలు వెస్లియన్ మిషనరీల నాటివి, అందుకని చిన్నప్పటి నుంచి మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన ఇంగ్లండు పాదిరి జాన్ వెస్లీ కథ వింటూ పెరిగాను. సిస్టర్, ఆయనది అచ్చం మీ నోట్‌బుక్ కథే. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఉన్న రోజుల్లో తమ్ముడు చార్లెస్‌తో, స్నేహితులతో ఒక చిన్న గుంపుగా ఉండి బుధ, శుక్రవారాలు ఉపవాసం, జైలుకు పోయి ఖైదీలను పరామర్శించడం, రోజులో ఏ గంట ఎట్లా గడిచిందో డైరీలో రాసుకోవడం. అంత పద్ధతిగా ఉండేవాళ్లనే మెథడిస్టులని వెక్కిరించారు. 1735లో మిషనరీగా అమెరికాలోని జార్జియాకు ఓడ ఎక్కాడు. దారిలో తుఫాను వచ్చి తెరచాప చినిగి నీళ్లు లోపలికి వస్తుంటే ఇంగ్లీషువాళ్లు కేకలు పెట్టారు, మొరేవియన్లు అనే జర్మన్ విశ్వాసులు మాత్రం పిల్లలతో సహా కీర్తన పాడుతూ కూర్చున్నారు. వెస్లీకి అప్పుడు తెలిసింది, తనకు చావంటే భయం ఉందని, వాళ్లకు ఉన్నది తన దగ్గర లేదని. టిక్కులన్నీ ఉన్నాయి, అయినా నిశ్చయత లేదు.

1738 మే 24న లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక చిన్న కూటానికి మనసు లేకుండానే పోయాడు. అక్కడ ఎవరో రోమా పత్రికకు జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన ముందుమాట చదువుతున్నారు. విశ్వాసం ద్వారా దేవుడు హృదయంలో చేసే మార్పు గురించి వింటుండగా, నా పాపాలు, నావే, ఆయన తీసేశాడన్న నిశ్చయత కలిగిందని రాసుకున్నాడు. అప్పటికి ఆయనకు 34 ఏళ్లు, పాదిరిగా అభిషేకం పొంది చాలా ఏళ్లయింది.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఏంటంటే, ఆ తర్వాత ఆయన ఉపవాసం మానలేదు, జైళ్లకు వెళ్లడమూ మానలేదు, ముసలితనం వరకు గుర్రం మీద ఊరూరా తిరిగాడు. అంతకుముందు ఒప్పుకోబడాలని చేసేవాడు, తర్వాత ఒప్పుకోబడ్డాను కాబట్టి చేశాడు. నమ్మితే చాలు అంటే ఇవన్నీ ఎందుకు అని మీరు అడిగారు కదా, ఎఫెసీ 2:8, 9 తర్వాత 10 కూడా చదవండి, సత్‌క్రియలు ఉన్నాయి, కానీ రక్షణ తర్వాత ఉన్నాయి. సండే స్కూల్లో మనకు 9 దగ్గరే ఆపేస్తారు.

కాజీపేట కథోలిక విశ్వాసి:

నేను ఫాతిమానగర్‌లో ఉంటాను. మమ్మల్ని చూసి చాలామంది, వీళ్లు క్రియలతో రక్షణ కొనుక్కుంటారు అనుకుంటారు, అది మా సంఘం బోధ కాదు. 1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ సమాఖ్య, కథోలిక సంఘం కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు చేశాయి. మనలో ఏ యోగ్యతా లేకుండా, కృప వల్ల మాత్రమే, క్రీస్తు రక్షణ కార్యంలో విశ్వాసంతో దేవుడు మనల్ని అంగీకరిస్తాడని అందులో ఉంది. 2006లో మెథడిస్టులు కూడా అందులో చేరారు. తేడాలన్నీ తీరిపోయాయని కాదు, కానీ ఈ మాట ఇద్దరం కలిసి చెప్పాం.

ఇంకోటి, మీరు శ్రమల దినాలు అనేదాన్ని మేము తపఃకాలం అంటాం, దాని నియమం ఏంటో తెలుసా అమ్మా? తప్పనిసరి ఉపవాసం విభూది బుధవారం, శుభ శుక్రవారం, ఈ రెండే రోజులు. అదీ 18 నుంచి 59 ఏళ్ల వాళ్లకు, ఆరోగ్యం బాగాలేని వాళ్లకు మినహాయింపు ఉంది. కళ్లు తిరిగి పడిపోయిన మనిషిని ఏ ఫాదర్ అయినా అన్నం తినమనే అంటారు.

యెషయా 58లో దేవుడు తనకు ఇష్టమైన ఉపవాసం ఏదో చెప్పాడు, ఆకలితో ఉన్నవాళ్లకు నీ ఆహారం పెట్టడం అని. ఆ పెద్దమ్మ ఎవరో, ఏ మతమో నాకు తెలియదు, ఆ రోజు ఆమె చేతిలో ఉన్నది అదే. ఆ ఇడ్లీని శాపం అనుకోకు, దేవుడు నీకు పంపిన అన్నం అనుకో.

హన్మకొండ టీచర్:

అందరికీ చాలా థాంక్స్. రెండు రోజులుగా అన్నీ మళ్లీ మళ్లీ చదువుతున్నాను, ఏడుపు ఆగలేదు.

నిన్న రాత్రి లూకా 18 తీశాను. గుడికి ప్రార్థనకు వెళ్లిన ఇద్దరి కథ, తన భక్తి లెక్కలు చెప్పుకునే పరిసయ్యుడు, పన్ను వసూలు చేసే సుంకరి, ఎన్నిసార్లు బడి పిల్లలకు చెప్పానో. పరిసయ్యుడు చెప్పుకునేది "వారమునకు రెండుమారులు ఉపవాసము", ఆ పక్కనే పదియవ వంతు. నా నోట్‌బుక్‌లో గడుల పేర్లు అవే. ఇన్నేళ్లూ నేను సుంకరి పక్కన నిలబడ్డానని అనుకున్నాను. వాడి దగ్గర చూపించడానికి ఒక్కటీ లేదు, "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్నాడు, అంతే. నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్లింది వాడు.

ఒక్కటి మాత్రం ఇంకా గుచ్చుకుంటోంది. అమ్మ నీరసం నా వల్ల కాదు కదా?

జనగామ సంఘ పెద్ద:

కాదమ్మా. పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే ప్రభువు ఏమన్నాడు, వీడైనా వీని కన్నవారైనా పాపము చేయలేదని. యోహాను 9లో ఉంది. డాక్టర్ రాసిన మందులు ఆపకుండా వేయించు, మళ్లీ చూపించే తేదీ తప్పించకు. ఆదివారం మధ్యాహ్నం నేనూ మా ఇంటావిడా హన్మకొండ వస్తున్నాం, అమ్మ దగ్గర కాసేపు కూర్చుని ప్రార్థన చేసి వెళ్తాం. అడ్రస్ మెసేజ్ చెయ్యి, మా ఇంటావిడ జొన్నరొట్టెలు తెస్తానంటోంది. నాకు కూడా ఈ రెండు రోజుల్లో ఒకటి అర్థమైంది, ఆ తాగుబోతు మీద కోపంతో ఇన్నాళ్లూ సంఘమంతటినీ బెదిరిస్తూ ప్రసంగాలు చేశానేమో అని.

హన్మకొండ టీచర్:

తప్పకుండా రండి అయ్యగారూ, అమ్మకు చెప్పాను, సంతోషపడింది.

గుమస్తా అన్నా, మీకు నిజం చెప్తాను. నోట్‌బుక్ బీరువాలో పెట్టాను, అయినా ఈ పొద్దున ప్రార్థన అవగానే చెయ్యి పెన్ను కోసం వెతికింది. ఇంత విన్నాక కూడా ఇట్లా ఎందుకు?

ఎనుమాముల గుమస్తా:

ఆ రైతుకు మా దుకాణం ముందు నుంచి నడవడానికి మూడు నెలలు పట్టింది చెల్లె. అన్ని రోజులూ పద్దులో చెల్లు అనే ఉంది.