చర్చ: రెడ్‌గ్రేవ్ చైనాని గెలిపించాడా, గెలిచే జట్టుకి పేరు మాత్రం ఇచ్చాడా?

గోదారి_గట్టు:
గొప్ప ఆటగాడైతే గొప్ప కోచ్ కూడా అవుతాడా అని ఆఫీసులో లంచ్ దగ్గర మొదలైన గొడవ ఇది, అవుతాడనేది నా వాదన, ఓడినవాడు బిర్యానీ పెట్టాలని పందెం కూడా ఉంది. స్టీవ్ రెడ్‌గ్రేవ్ అంటే 1984 నుంచి 2000 దాకా వరసగా 5 ఒలింపిక్స్‌లో రోయింగ్ (తెడ్లతో పడవ పందెం) బంగారం కొట్టిన ఇంగ్లండ్ ఆయన. 2018లో చైనా వాళ్లు ఆయన్ని పిలిచి రోయింగ్ జట్టుని చేతిలో పెట్టారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో చైనా అమ్మాయిల క్వాడ్, అంటే నలుగురు కూర్చుని మనిషికి రెండు తెడ్లు వేసే పడవ, 6:05.13లో వచ్చేసి బంగారం కొట్టింది. అప్పటిదాకా ప్రపంచంలో ఎవరూ అంత వేగంగా రాలేదు, రెండో స్థానంలో పోలండ్ 6 సెకన్లు వెనక. ఇది కాక చైనాకి రోయింగ్‌లో రెండు కాంస్యాలు. ఆయన సొంత దేశం బ్రిటన్‌కి అక్కడ రోయింగ్‌లో బంగారమే లేదు. ఛాంపియన్ చేతిలో పడితే అంతే మరి. కాదనేవాళ్లు చెప్పండి.

ఒడ్డున_కూర్చున్నోడు:
నేను కాదంటాను. మొదటి మాట, అప్పుడు ఆయన చైనాకి హై పర్‌ఫార్మెన్స్ డైరెక్టర్, అంటే జట్టు మొత్తాన్ని పైనుంచి చూసుకునేవాడు, కోచ్ కాదు. రోజూ పొద్దున్నే స్టాప్‌వాచ్ పట్టుకుని పడవ పక్కన వెళ్లే పని వేరేవాళ్లది. అసలు రెడ్‌గ్రేవ్‌కి చివరి మూడు బంగారాల కాలంలో కోచ్ ఎవరు? యుర్గెన్ గ్రోబ్లర్, తూర్పు జర్మనీ నుంచి వచ్చినాయన, ఆటగాడిగా ఒలింపిక్ బంగారం లేదు. 1992 నుంచి 2016 దాకా ఒక్క ఒలింపిక్స్ కూడా వదలకుండా ఆయన పడవలు బంగారం తెచ్చాయి. 2020 ఆగస్టులో తప్పుకున్నాడు, ఏడాది తిరక్కుండానే 5 సార్లు వరసగా గెలిచిన బ్రిటన్ మగవాళ్ల ఫోర్ (నలుగురు, మనిషికి ఒక్క తెడ్డు) టోక్యోలో నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. కోచ్ అంటే అదీ.

సాగర్_కుర్రాడు:
నేను హుస్సేన్ సాగర్‌లో రెండేళ్లు తెడ్డేశాను కాబట్టి నా గోల కూడా వినండి. మా మొదటి కోచ్‌కి పతకాలు బోలెడు (పేరు వద్దులెండి). తెడ్డు నీళ్లలో దిగే క్షణాన్ని క్యాచ్ అంటారు, అది నాకు ఎప్పుడూ ఆలస్యమయ్యేది, కాళ్లతో ఎంత తన్నినా ఆ బలమంతా వృథా. అడిగితే ఆయన పడవెక్కి చేసి చూపించి "ఇలా, అంతే" అనేవాడు. ఆయనకి అది ఒంట్లో ఉంది, నోట్లో లేదు. తర్వాత వచ్చిన సారుకి చెప్పుకోడానికి ఒక్క పతకం లేదు, ఫోన్‌లో వీడియో తీసి "మోకాళ్లు ముందే లేపేస్తున్నావురా, ముందు చేతులు వెళ్లనివ్వు" అన్నాడు. వారంలో సెట్ అయింది.

గోదారి_గట్టు:
తమ్ముడూ, నీ కోచ్ సంగతి వేరు. రెడ్‌గ్రేవ్‌కి 1997లో షుగర్ అని తేలింది, ఇన్సులిన్ వేసుకుంటూ 38 ఏళ్ల వయసులో 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఇటలీ మీద 0.38 సెకన్ల తేడాతో గెలిచాడు. అలాంటి మనిషి ఎదురుగా నిలబడి "ఇంకో 20 స్ట్రోకులు లాగగలవు" అంటే నమ్ముతామా లేదా? ఆ నమ్మకం వీడియోలో దొరకదు.

నల్లబల్ల:
నమ్మకం సరే, లెక్కలు కూడా చూడండి. ఒలింపిక్ బంగారం ఉండి నిజంగా కోచ్ పనే చేసినవాడు కావాలంటే స్టీవ్ ట్రాప్‌మోర్. 2000లో బ్రిటన్ ఎయిట్‌లో (ఎనిమిది మంది తెడ్లేసే పడవ) గెలిచాడు, తర్వాత కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ కోచ్. 2011 నుంచి 2018 దాకా ఆక్స్‌ఫర్డ్‌తో 8 బోట్ రేసులు (ఆ రెండు యూనివర్సిటీల మధ్య ఏటా జరిగే పందెం), గెలిచినవి 3.

గోదారి_గట్టు:
చదువుకునే పిల్లల్తో, ఏటా మారిపోయే జట్టుతో 3 గెలవడం తక్కువా?

నల్లబల్ల:
తక్కువ అనలేదు, బంగారం ఉన్నంత మాత్రాన మంత్రం వేసినట్టు అయిపోదంటున్నాను. 2024 పారిస్ ఒలింపిక్స్ చూడండి, చైనాకి రోయింగ్‌లో పతకాలు సున్నా. బ్రిటన్‌కి 3 బంగారాలతో కలిపి 8 పతకాలు, ఆ బంగారాల్లో మీరు చెప్పిన అమ్మాయిల క్వాడ్ పందెం కూడా ఉంది. ఒక్క మనిషి పేరు చూసి లెక్కేస్తే ఇలాగే తిరగబడుతుంది.

ఒడ్డున_కూర్చున్నోడు:
గట్టు గారూ, ఒక్క ప్రశ్న. టోక్యోలో గెలిచిన ఆ క్వాడ్‌కి రోజూ ప్రాక్టీసు చేయించిన కోచ్ పేరు చెప్పండి. గూగుల్ చేయకుండా.

గోదారి_గట్టు:
...సగం బిల్లు నాది. షుగర్ పాయింట్‌కి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు, అందుకే మిగతా సగం మీది.