గైడ్ డాగ్ వస్తే తెల్లకర్ర మానేయొచ్చా?

శరత్_ఆర్పీ: నాకు రెటినైటిస్ పిగ్మెంటోసా. చూపు తగ్గుతూ వస్తోంది. తెల్లకర్ర ఇప్పుడే నేర్చుకుంటున్నా, విసుగ్గా ఉంది. గైడ్ డాగ్ తీసుకుంటే ఈ గొడవ వదులుతుందా? సిగ్నల్ దగ్గర ఎరుపు, పచ్చ దానికెలా తెలుస్తాయి? కుక్కని నమ్మి రోడ్డెక్కుతావా అని ఇంట్లో ఒకటే టెన్షన్.

ఎడమచేతి_హ్యాండిల్: నా దగ్గరున్నది రెండో కుక్క, ల్యాబ్రడార్. కర్ర మాత్రం మానకండి. ఈ కుక్కలకి శిక్షణనిచ్చే చాలా స్కూళ్లు కర్రతో ఒంటరిగా తిరగగలిగినవాళ్లకే కుక్కనిస్తాయి. దారి గుర్తుపెట్టుకోవాల్సింది మనమే. ఎక్కడ తిరగాలో మనం చెప్తే, మధ్యలో స్తంభాన్నీ గుంతనీ తలకి తగిలే కొమ్మనీ అది తప్పిస్తుంది. ఆ కొమ్మ సంగతి కర్రకి చేతకాదు.

సిగ్నల్ రంగు చూసి అది దాటదు. బండ్ల చప్పుడు విని ఎప్పుడు దాటాలో మనమే తేల్చుకోవాలి. కానీ మనం పదమన్నా, బండి వస్తుంటే కదలదు. చెప్పిన మాట వినడం ఏ కుక్కకైనా నేర్పొచ్చు, ఎప్పుడు వినకూడదో నేర్పడమే కష్టం. మొన్న ఎలక్ట్రిక్ కారొకటి చడీచప్పుడు లేకుండా మలుపు తిరిగింది. నేను పదమన్నాను. ఇది నాకు అడ్డంగా నిలబడిపోయింది, దాని ఒంటి పట్టీకుండే హ్యాండిల్ నా చేతిలో బిగుసుకుంది. కారు గాలి మోకాళ్లకి తగిలాక గానీ నాకు అర్థం కాలేదు.

ఇంట్లోవాళ్లతో చెప్పండి, ఇది నిన్న మొన్నటిది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1916లోనే జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో స్కూలు పెట్టారు.

పిల్లని_పెంచినామె: ఈ కుక్కల్ని పిల్లలుగా ఉన్నప్పుడు మాలాంటి ఇళ్లలో ఏడాది పైగా పెంచుతారు. మెట్లు, లిఫ్టులు, జనం అలవాటు చేయడం మా వంతు. అసలు శిక్షణ ఆ తర్వాత, నెలల తరబడి. అన్నీ పాసవ్వవు సుమా. మావాడికి పావురం కనిపిస్తే ఒళ్లు తెలిసేది కాదు, తీసేశారు. ఇప్పుడు మా సోఫాయే వాడి ఆఫీసు.

వినపడని_కబుర్లు: నాది హియరింగ్ డాగ్, అంటే చెవులు వినపడనివాళ్లకి చప్పుళ్లు తెలియజేసే కుక్క. కాలింగ్ బెల్ మోగితే ముక్కుతో పొడిచి తలుపు దాకా తీసుకెళ్తుంది. ఫైర్ అలారమైతే మాత్రం ఎక్కడికీ తీసుకెళ్లదు, నన్ను తట్టి నేల మీద పడుకుంటుంది. అలా నేర్పించారు.

శరత్_ఆర్పీ: మరి కుక్కకి ఒంట్లో బాగోకపోతే?

ఎడమచేతి_హ్యాండిల్: ఆ రోజు కర్రే. మొదటిది రిటైరయ్యాక రెండోది వచ్చేదాకా కూడా కర్రతోనే తిరిగాను. క్లాసు మానకండి.